పాత పద్ధతి నుంచి కొత్త పద్ధతికి: మనుషులను ఏ దారిలో తీసుకెళ్లాలి?

తిరుపతి, చిత్తూరు పరిసరాల్లో ముప్పై మంది నుంచి మూడు నాలుగు వందల మంది దాకా పనిచేసే సంస్థలను నడుపుతున్నవారి కోసం ఈ పోలికను రాస్తున్నాను. పాల కేంద్రం, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ, నర్సింగ్ హోమ్, లాడ్జి, కళాశాల, ఏదైనా కావచ్చు. ఏటా ఏదో ఒక కొత్త యంత్రమో, కొత్త సాఫ్ట్‌వేరో, కొత్త షిఫ్టుల పట్టికో వస్తూనే ఉంటుంది. యంత్రం కొనేటప్పుడు మూడు కొటేషన్లు తెప్పించుకుని, పోల్చి చూసి, ఇంతకుముందు వాడినవారిని అడిగి మరీ కొంటాము. ఆ యంత్రం ముందు నిలబడవలసిన మనుషుల దగ్గరికి మార్పును ఎలా తీసుకెళ్లాలన్న విషయంలో మాత్రం ఒక్క దారే మనకు కనిపిస్తుంది: నోటీసు బోర్డుకు ఒక కాగితం అంటించి, ఫలానా తేదీ నుంచి అమలు అంటాము. పాతికేళ్లుగా ఈ ప్రాంతంలో మొదట పాల సేకరణలోనూ, తరువాత చిన్న సంస్థల సిబ్బంది వ్యవహారాల్లోనూ పనిచేస్తున్న నేను ఆ ఒక్క దారినే పట్టుకుని కొంత నష్టం చేశాను. అందుకే మిగిలిన దారులను కూడా పక్కపక్కన పెట్టి చూపించాలనుకుంటున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. మార్పు ఎంత పెద్దదో చూసి దారి ఎంచుకోవడం సరికాదు. దానివల్ల ఎవరు ఏమి పోగొట్టుకుంటున్నారో చూసి ఎంచుకోవాలి. పోయేది డబ్బయితే ఒక దారి, గౌరవమయితే ఇంకొక దారి, పోయేదేమీ లేక అలవాటు మాత్రమే మారవలసి ఉంటే మరొక దారి పనికివస్తాయి. ఈ లెక్క వేయడానికి సలహాదారులెవరూ అక్కర్లేదు, ఒక నోటు పుస్తకం చాలు. ఎడమవైపు మనుషుల పేర్లు, కుడివైపు వారికి రేపటి నుంచి లేకుండా పోయేవి రాసుకోవాలి.

టెస్టరన్న పోగొట్టుకున్నది

పలమనేరు వైపు ఒక పాల శీతలీకరణ కేంద్రంలో నేను సూపర్‌వైజరుగా ఉన్న రోజుల్లో వెన్న శాతాన్ని గెర్బర్ పద్ధతిలో చూసేవారు. బ్యూటిరోమీటరు అనే సన్నని మెడ ఉన్న గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల సల్ఫ్యూరిక్ ఆమ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాల్ పోసి, బిరడా బిగించి, గుడ్డలో చుట్టి కలిపి, సెంట్రిఫ్యూజులో తిప్పి, 65 డిగ్రీల వేడినీళ్లలో ఉంచి, మెడ దగ్గర తేలిన పసుపుపచ్చని వెన్న గీతను కంటికెదురుగా పట్టుకుని చదవాలి. అక్కడి టెస్టరు ఆ పని ఇరవై ఏళ్లకు పైగా చేశాడు. ఆమ్లం చుక్కలు పడి ఆయన చొక్కా ముంజేతుల దగ్గర చిన్నచిన్న చిల్లులు ఉండేవి. గొట్టం పైకెత్తి ఆయన కన్ను చికిలించినప్పుడు పాలు పోసేవాళ్లు గొట్టాన్ని చూసేవారు కాదు, ఆయన ముఖం చూసేవారు. ఊళ్లలో ఆయన పేరు సగం మందికి తెలియదు. టెస్టరన్న అంటేనే తెలుసు.

ఎలక్ట్రానిక్ అనలైజరు వచ్చింది. నిమిషం లోపే వెన్న, ఎస్ఎన్ఎఫ్ (పాలలో వెన్న కాక మిగిలిన ఘనపదార్థాలు) రెండూ తెర మీద కనిపిస్తాయి, చీటీ కూడా వస్తుంది. ఆమ్లం పని తప్పింది, సమయం కలిసివచ్చింది, జీతం ఒక్కరూపాయి తగ్గలేదు. అందరికీ మేలే కదా అన్న ధీమాతో ఒకే ఆదివారం పాత బల్ల తీయించి, కొత్తగా చేరిన ఒక కుర్రవాడికి యంత్రం అప్పగించి, టెస్టరన్నను క్యాన్ల లెక్క రాసే దగ్గర కూర్చోబెట్టాము. మూడు వారాలు తిరగకముందే రెండు ఊళ్లవాళ్లు వెన్న తప్పు చూపిస్తోందని గొడవకు వచ్చారు. కారణం చిన్నది. అనలైజరులో ఆవు పాలకు ఒక అమరిక, గేదె పాలకు ఇంకొక అమరిక ఉంటాయి. మన దగ్గర ఎక్కువగా వచ్చేవి సంకరజాతి ఆవుల పాలు. గేదె పాలు పరీక్షించాక కుర్రవాడు అమరిక మార్చడం మరచిపోతున్నాడు. టెస్టరన్న నాలుగడుగుల దూరంలో కూర్చుని రోజూ అది చూస్తూనే ఉన్నాడు. ఎందుకు చెప్పలేదని నేను కోపంగానే అడిగాను. ఆయన రాస్తున్న పుస్తకం మీద నుంచి తల ఎత్తకుండా, "నన్నెవురడిగినారు సార్?" అన్నాడు.

ఆయన మార్పును అడ్డుకోలేదు, యంత్రాన్ని పాడుచేయలేదు, ఎవరినీ రెచ్చగొట్టలేదు. తనకు తెలిసినదాన్ని తన దగ్గరే ఉంచుకున్నాడు, అంతే. సంస్థల్లో మార్పుకు వచ్చే వ్యతిరేకత చాలాసార్లు ఇలాగే చప్పుడు లేకుండా ఉంటుంది. ఆయన నష్టాన్ని మేము ఏ కాగితం మీదా రాయలేదు, ఎందుకంటే మా కాగితాల్లో జీతం, హోదా, డ్యూటీ వేళలకే గళ్లు ఉన్నాయి.

నాలుగు దారులు, ఒక పాత ప్రయోగం

మార్పును మనుషుల దగ్గరికి తీసుకెళ్లడానికి ప్రధానంగా నాలుగు దారులు ఉన్నాయి. ఉత్తర్వు ఇచ్చి, కారణాలు వివరించి అమలు చేయడం ఒకటి. సిబ్బంది నుంచి కొందరు ప్రతినిధులను తీసుకుని వారితో కలిసి రూపొందించడం రెండవది. పని చేసే అందరితోనూ కూర్చుని నిర్ణయించడం మూడవది. నష్టపోయేవారితో ఇచ్చిపుచ్చుకునే బేరం చేసుకోవడం నాలుగవది.

మొదటి మూడింటినీ ఒకే చోట పక్కపక్కన పెట్టి చూసిన ప్రయోగం ఒకటి ఉంది. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, మారియన్ అనే ఊళ్లో హార్వుడ్ అనే పైజామాల ఫ్యాక్టరీ ఉండేది. అక్కడ పనివారు ఎక్కువమంది స్త్రీలే. ఎంత పనికి అంత కూలి. లెస్టర్ కోచ్, జాన్ ఫ్రెంచ్ అనే ఇద్దరు 1948లో ఆ ఫలితాలను ప్రచురించారు. మొదటి బృందానికి వచ్చిన మార్పు ఎంత చిన్నదో చూడండి: ఇస్త్రీ చేసిన పైజామాలను అరడజను చొప్పున అట్టముక్క మీద పేర్చే బదులు పెట్టెలో పేర్చమన్నారు, దానికి తగ్గట్టు రేటు సవరించారు. సమావేశం పెట్టి పోటీ పెరిగిందని కారణం చెప్పారు, అడిగిన ప్రశ్నలకు జవాబులూ ఇచ్చారు. అయినా ఉత్పత్తి పడిపోయి అలాగే ఉండిపోయింది, మొదటి నలభై రోజుల్లో నూటికి 17 మంది పని మానేశారు. ప్రతినిధుల ద్వారా మార్పు చేసిన బృందం రెండు వారాల్లో పాత స్థాయికి చేరుకుంది. అందరినీ కూర్చోబెట్టిన బృందాలు ఇంకా త్వరగా కోలుకుని, పాత స్థాయి కంటే సుమారు 14 శాతం ఎక్కువ పని చేశాయి. ఈ రెండు పద్ధతుల్లోనూ పని మానినవారు ఆ నలభై రోజుల్లో ఎవరూ లేరు.

ఇక్కడ నేను పాఠకులను ఒక్క క్షణం ఆపదలచాను. మొదటి బృందానికి వివరించలేదని కాదు, వివరించారు. మన దగ్గర కూడా "అంతా విడమరిచి చెప్పాము, అయినా వినలేదు" అనే మాట తరచుగా వింటాను. అర్థం కావడం వేరు, తన మాటకు చోటు దొరకడం వేరు. నచ్చజెప్పడం ఎంత ఓపికగా చేసినా అది ఒకవైపు నుంచే సాగే పని.

అయితే ఈ ఫలితం చూసి ప్రతిదానికీ అందరినీ పిలిచి కూర్చోబెట్టడమే మందు అనుకోవడం కూడా పొరపాటే. 1960లో నార్వేలోని ఒక పాదరక్షల ఫ్యాక్టరీలో ఇలాంటి ప్రయోగమే చేసినప్పుడు ఉత్పత్తిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అక్కడ కార్మికులను అడిగిన విషయాలు ప్రధానమైనవి కావు. పైగా అలాంటి చర్చ తమ సంఘం ద్వారా జరగడమే వారికి అలవాటు, అదే న్యాయమని వారి భావన. అప్రధానమైన విషయాల్లో అభిప్రాయం అడిగి, అసలు విషయాన్ని ముందే తేల్చుకుని వచ్చామని జనానికి తెలిస్తే, అడగకపోవడమే నయం. యూనిఫాం రంగు ఏది కావాలని ఓటింగు పెట్టి, డ్యూటీ వేళలు మాత్రం గదిలో కూర్చుని నిర్ణయించిన ఒక లాడ్జిలో నేను ఈ సంగతిని కళ్లారా చూశాను. ఆ తరువాత ఏ సమావేశానికి పిలిచినా సిబ్బంది వచ్చి గోడకు ఆనుకుని నిలబడేవారు, ఒక్కరూ నోరు విప్పేవారు కాదు.

ఏది ఎక్కడ

ఉత్తర్వు దారి తప్పు దారి కాదు. మనుషుల ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు, చట్టం వెంటనే చేయమన్నప్పుడు, పోయేది అలవాటు మాత్రమే అయినప్పుడు అదే సరైనది. బాయిలరు దగ్గర హెల్మెట్టు పెట్టుకోవడం, ఆపరేషను థియేటరులో చేతులు కడిగే పద్ధతి వంటి వాటి మీద చర్చ అక్కర్లేదు. ఇక్కడ నాయకుడు చేయవలసింది స్పష్టంగా చెప్పడం, అందరికంటే ముందు తాను పాటించడం. యజమాని హెల్మెట్టు లేకుండా లోపలికి నడిచిన రోజున ఆ ఉత్తర్వు విలువ పోతుంది.

ప్రతినిధుల దారి వంద మందికి పైగా ఉన్న చోట, మూడు షిఫ్టుల్లో మనుషులు ఒకే వేళకు దొరకని చోట పనికివస్తుంది. దీని బలమూ బలహీనతా రెండూ ఎంపికలోనే ఉన్నాయి. యాజమాన్యం తనకు నచ్చినవారిని పిలిస్తే వారు ప్రతినిధులు కారు. బయటికి వచ్చాక వారి మాట ఎవరూ వినరు, పైగా వారి మీదే అనుమానం పడుతుంది. పనివారు ఎవరి మాట వింటారో వారిని, అంటే తరచుగా మనకు కొంచెం చికాకు కలిగించే మనిషినే, పిలవాలి. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం 20 మంది లేదా అంతకు మించి కార్మికులున్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి, అందులో రెండు పక్షాలవారూ సమాన సంఖ్యలో ఉండాలి. ఆ కమిటీని కాగితం మీదనే ఉంచకుండా నడిపించినవారికి మార్పు వచ్చిన రోజున ప్రతినిధులను కొత్తగా వెతుక్కోవలసిన అవసరం ఉండదు.

అందరితో కూర్చునే దారి, పనిలోని నేర్పు పనివారి చేతుల్లోనే ఉన్న చోట తప్పనిసరి. పాల పరీక్ష, గుజ్జు తీసే వరుసలో కాయల ఏరివేత, నర్సులు ఒక డ్యూటీ నుంచి ఇంకొక డ్యూటీకి రోగులను అప్పగించే తీరు మొదలైనవాటి లోతు మేనేజరుకు తెలియదు. దీనికి పట్టే సమయాన్ని చూసి చాలామంది వెనక్కి తగ్గుతారు. పది, పదిహేను మంది ఉన్న విభాగంలో మూడు సమావేశాలు, ఒక్కొక్కటి గంట చొప్పున, చాలునని నా అనుభవం. మొదటిదానిలో సమస్యను మాత్రమే వారి ముందు పెట్టాలి, పరిష్కారాన్ని జేబులోనే ఉంచుకోవాలి. చాలామంది మేనేజర్లు తప్పటడుగు వేసేది ఇక్కడే.

బేరం దారిని మనవారు చిన్నచూపు చూస్తారు, డబ్బిచ్చి ఒప్పించడంగా భావిస్తారు. నష్టం రూపాయల్లో ఉన్నప్పుడు మాటలతో సరిపెట్టడమే అసలు అగౌరవం. చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల సంగతే తీసుకోండి. తోతాపురి సీజనులో రాత్రింబగళ్లు పని నడుస్తుంది. ఒక చోట రెండు పన్నెండు గంటల షిఫ్టులను తీసివేసి మూడు ఎనిమిది గంటల షిఫ్టులు పెట్టాలనుకున్నారు. పనివారికి విశ్రాంతి దొరుకుతుందని యాజమాన్యం నిజంగానే నమ్మింది, అందులో కపటం లేదు. తొమ్మిది గంటలు దాటిన పనికి రెట్టింపు చొప్పున ఓటీ కట్టే చోట, పన్నెండు గంటలు చేసినవాడికి పదిహేను గంటల జీతం వస్తుంది. ఎనిమిది గంటలు చేస్తే ఎనిమిదే. సీజను రెండు నెలల సంపాదనతో పిల్లల ఫీజులు కట్టుకునేవారికి ఇది సగం గండి. దీనికి తోడు, రెండవ షిఫ్టు రాత్రి పదింటికి దిగుతుంది, వారి ఊళ్లకు ఆఖరి బస్సు అంతకంటే ముందే వెళ్లిపోతుంది. విశ్రాంతి గురించి ఎంత మాట్లాడినా ఆ రెండు విషయాలకు జవాబు కాదు. చివరికి ఆ సీజనుకు పాత షిఫ్టులు ఉంచి, తరువాతి ఏడాది కూలి రేటు పెంచి, రాత్రి వ్యాను ఏర్పాటు చేశాకనే మూడు షిఫ్టులు నడిచాయి. వ్యాను సంగతి మొదటి వారంలోనే ఒక లోడింగు మేస్త్రీ చెప్పాడు, అప్పుడు ఎవరూ రాసుకోలేదు.

షిఫ్టులు, పని గంటలు, జీతం లెక్కలు వంటివి మార్చేటప్పుడు చట్టం కూడా ఒక హద్దు గీసింది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోని 9ఎ సెక్షను ఇలాంటి మార్పులకు 21 రోజుల ముందస్తు నోటీసు కోరింది. ఆ చట్టం స్థానంలో తెచ్చిన 2020 కోడ్ కూడా అదే 21 రోజుల నియమాన్ని ఉంచింది. ఆ మూడు వారాలను గడువు తీరేదాకా ఎదురుచూసే కాలంగా కాక, పైన చెప్పిన మాటామంతీకి దొరికిన సమయంగా వాడుకోవాలని నా సలహా.

మరి ఒకే మార్పులో డబ్బు, గౌరవం, అలవాటు మూడూ కలిసి పోతుంటే? నిజానికి ఎక్కువసార్లు ఉండేది ఇదే. అప్పుడు ఒక్క దారితో పని జరగదు. డబ్బు భాగాన్ని ముందు, విడిగా, బేరంలో తేల్చుకోవాలి. అది తేలకుండా పెట్టే సమావేశాల్లో జనం సాఫ్ట్‌వేరు గురించి అడుగుతున్నట్టే ఉంటారు గాని లోపల అడుగుతున్నది జీతం గురించే. గౌరవానికి సంబంధించిన భాగాన్ని ఎప్పుడూ సభలో తేల్చకూడదు; ఆ మనిషితో ఒంటరిగా, వీలైతే ఆయన పనిచేసే చోటనే మాట్లాడాలి.

ఒక్క రోజులోనా, ఒక్క విభాగం నుంచా

రెండవ ఎంపిక వేగానికి సంబంధించినది. పాతదీ కొత్తదీ కొంతకాలం పక్కపక్కన నడవగలవా అన్నది ఇక్కడ తేల్చుకోవలసిన ప్రశ్న. స్వీడన్ దేశం 1967 సెప్టెంబరు 3న తెల్లవారుజామున రోడ్డుకు ఎడమవైపు నడిచే వాహనాలన్నింటినీ కుడివైపుకు మార్చింది. అక్కడ ముందు ఒక జిల్లాలో చేసి చూద్దామనే మాటకు తావు లేదు. సగం మంది ఎడమన, సగం మంది కుడిన నడిస్తే ప్రాణాలు పోతాయి. మన దేశంలో 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినప్పుడు పద్ధతి వేరు. అణాలు, బేడలు కొన్నేళ్లు కొత్త నాణేలతో పాటే చెలామణీ అయ్యాయి, పేరులోని నయా అన్న మాటను 1964లో తీసేశారు. అంగడిలో రెండు లెక్కలూ తెలిసినవారు తెలియనివారికి చెప్పుకుంటూ సర్దుకున్నారు.

ఆసుపత్రిలో కాగితపు కేస్ షీట్ల నుంచి కంప్యూటరుకు మారడం చాలామంది అనుకునేదానికి విరుద్ధంగా స్వీడన్ రోడ్డు లాంటిది. ఒక వార్డులో కంప్యూటరు, ఇంకొక వార్డులో కాగితం ఉంటే, రోగి ఈ వార్డు నుంచి ఆ వార్డుకు మారినప్పుడు మధ్యాహ్నం ఇచ్చిన మందు రాత్రి డ్యూటీ సిస్టరుకు కనిపించదు. అందువల్ల ఇన్‌పేషెంట్ల విషయంలో ముందు బాగా శిక్షణ ఇచ్చి, ఒకే రోజున అంతటా మార్చడం క్షేమం. బిల్లింగు, ఓపీ చీటీలు, మందుల స్టాకు వంటివాటిని మాత్రం ఒక్కొక్క విభాగంగా మార్చవచ్చు. కళాశాలల్లో హాజరు, లాడ్జీల్లో గదుల బుకింగు కూడా రెండవ కోవలోనివే, అయితే ఒకే గదిని రెండు పుస్తకాల్లో రాసుకునే ప్రమాదం ఉంది కనుక బుకింగును వారం కంటే ఎక్కువ రెండు పద్ధతుల్లో నడపకూడదు.

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా విడిగా ఏర్పడినప్పుడు మనం చూసినది కూడా ఒకే రోజున జరగవలసిన మార్పే. నిన్నటి దాకా చిత్తూరు కలెక్టరేటుకు వెళ్లినవారు మరునాటి నుంచి తిరుపతికి వెళ్లవలసివచ్చింది. ఇలాంటి వాటిలో గడువు తేదీ బయటి నుంచి వస్తుంది కనుక నాయకుడి చేతిలో ఉండేది ఆ తేదీకి ముందూ వెనుకా మనుషులను చూసుకునే తీరు మాత్రమే.

తేదీ మన చేతిలోనే ఉంటే ఒక మాట. బ్రహ్మోత్సవాల నెలలో తిరుపతిలోని హోటళ్లు, లాడ్జీలు, ట్రావెల్స్ వారు, జూన్ జూలైలలో గుజ్జు ఫ్యాక్టరీలవారు కొత్త పద్ధతి మొదలుపెట్టకూడదు. రద్దీలో ఎవరైనా చేతికి అలవాటైన పనినే చేస్తారు, కొత్తది పనికిరానిదన్న ముద్ర ఆ నెలలోనే పడిపోతుంది.

ముందు నిలబడేది ఎవరు

బయటి సలహాదారు, యజమాని, సంస్థలోనే పెరిగిన పెద్ద మనిషి, ఈ ముగ్గురిలో ఎవరు మార్పును నడిపించాలన్నది మూడవ ఎంపిక. సాంకేతిక జ్ఞానం బయటివారి దగ్గర ఎక్కువ, అయితే ఆరు నెలల తరువాత ఆయన ఇక్కడ ఉండడని అందరికీ తెలుసు. యజమాని మాటకు అధికారం ఉంది, కాని ఆయన ముందు ఎవరూ ఉన్నదున్నట్టు మాట్లాడరు. నేనయితే మూడవ మనిషినే ఎంచుకుంటాను. ఆయనకు సాఫ్ట్‌వేరు రాకపోయినా ఫరవాలేదు, పక్కన తెలిసిన కుర్రవాడిని పెట్టవచ్చు. అందరూ చూస్తుండగా ఆయన ఆ కుర్రవాడిని "నాయనా, ఇది నాకు మళ్లీ ఒకసారి చూపించు" అని అడిగితే, అది వారం రోజుల శిక్షణ కంటే ఎక్కువ పని చేస్తుంది. తెలియదని ఒప్పుకోవడం ఇక్కడ చిన్నతనం కాదని మిగిలినవారికి తెలిసిపోతుంది.

కుటుంబ సంస్థల్లో ఇంకొక చిక్కు ఉంటుంది. బెంగళూరులోనో చెన్నైలోనో చదువుకుని తిరిగివచ్చిన కొడుకు లేక కూతురు మార్పు తలపెడతారు, తండ్రి కాలం నాటి మేనేజరు నెమ్మదిగా దాన్ని నాన్చుతారు, తండ్రి ఇద్దరికీ తల ఊపుతారు. ఇక్కడ సిబ్బందిని ఒప్పించే దారుల గురించి ఆలోచించే ముందు, ఈ విషయంలో ఆఖరి మాట ఎవరిదో తండ్రి తన నోటితో, ఆ ఇద్దరి ఎదుట చెప్పాలి. అది చెప్పనంతకాలం కింది వారు ఎవరి మాట నెగ్గుతుందో చూద్దామని ఆగుతారు, అలా ఆగడంలో తప్పు కూడా లేదు.

తగవు వచ్చినప్పుడు

మార్పు వచ్చిన చోట తగవు వస్తుంది. దాన్ని తీర్చే పద్ధతులను మేరీ పార్కర్ ఫాలెట్ అనే అమెరికన్ ఆలోచనాపరురాలు 1925లోనే మూడుగా విడదీసి చెప్పింది: ఒక పక్షం నెగ్గడం, ఇద్దరూ కొంత వదులుకుని రాజీపడడం, ఇద్దరి కోరికా తీరే మూడవ దారి కనిపెట్టడం. మూడవదానికి ఆమె ఇచ్చిన ఉదాహరణ ఒకటి పాల రంగానిదే కావడం వల్ల నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. ఒక పాడి రైతుల సహకార సంఘం, క్రీమరీ (పాల నుంచి మీగడ, వెన్న తీసే కేంద్రం) వేదిక దగ్గర క్యాన్లు ముందు ఎవరు దించాలన్న తగవు మీద విడిపోయే దాకా వచ్చింది. ఆ క్రీమరీ వాలు మీద ఉండేది. పై నుంచి దిగివచ్చేవారు మేము ముందన్నారు, కింది నుంచి ఎక్కివచ్చేవారు మేము ముందన్నారు. వంతులు వేసుకుని ఉంటే అది రాజీ అయ్యేది, రెండు పక్షాలకూ కొంత అసంతృప్తి మిగిలేది. చివరికి వేదికనే జరిపి, రెండు వైపుల వారూ ఒకేసారి దించుకునేలా చేశారు.

మన పంచాయితీల అలవాటు రాజీ. "నువ్వు కొంచెం తగ్గు, ఆయన కొంచెం తగ్గుతాడు" అనే మాట మన నోట సహజంగా వస్తుంది. డబ్బు తగవులకు అది చక్కగా సరిపోతుంది, ఎందుకంటే రూపాయిని సగం చేయవచ్చు. గౌరవపు తగవును సగం చేయలేము. ఇద్దరు హెడ్ నర్సుల మధ్య కొత్త డ్యూటీ చార్టు ఎవరు వేయాలన్న వివాదంలో, నెలకొకరు చొప్పున వేయమని నేనొకసారి తీర్పు చెప్పాను. ప్రతి నెలా ఒకరి మనుషులు సంతోషంగా, ఇంకొకరి మనుషులు మంటగా ఉండడం తప్ప ఏమీ మారలేదు. తరువాత విడివిడిగా కూర్చుని అడిగితే, ఒకావిడకు కావలసినది తన వార్డులోకి కొత్తవారిని ఎక్కువగా వేయకుండా ఉండడం, రెండవ ఆవిడకు కావలసినది సెలవులు ముందుగా తెలియడం అని తేలింది. చార్టు ఎవరు వేసినా ఆ రెండూ రాసి పెట్టుకోవచ్చు. ఆరు నెలలు నేను వేదికను జరపడం మాని వంతులు వేస్తూ వచ్చాను.

ఊరుకోవడం కూడా ఒక ఎంపికే. మార్పు మొదలైన మొదటి పది రోజుల్లో వచ్చే చిరాకు మాటలను, విసుర్లను పట్టించుకోకుండా వదిలేయవచ్చు. ఒకే మాట ముగ్గురు వేర్వేరు మనుషుల నుంచి వస్తే మాత్రం ఊరుకోకూడదు.

ఇప్పటికే చెడిపోయి ఉంటే

ఉత్తర్వు ఇచ్చేశాము, జనం ముఖాలు మాడ్చుకున్నారు, కొందరు మానేశారు కూడా, ఇప్పుడేమి చేయాలని అడిగేవారే నా దగ్గరికి ఎక్కువగా వస్తారు. వారికి హార్వుడ్ ఫ్యాక్టరీ కథలోని రెండవ భాగం చెబుతాను. మొదటి బృందంలో మిగిలిన 13 మందిని రెండున్నర నెలల తరువాత మళ్లీ ఒకచోట చేర్చి, ఈసారి అందరితో కూర్చునే పద్ధతిలో వేరే పనికి మార్చారు. అదే మనుషులు త్వరగా నేర్చుకుని పుంజుకున్నారు, ఎవరూ మానలేదు. వారిది మొండితనం అయి ఉంటే రెండవసారి కూడా అదే జరిగి ఉండేది.

మేము కూడా పాల కేంద్రంలో రెండవసారి ప్రయత్నించాము. సభ పెట్టలేదు. సాయంత్రం పాలు పోసుకోవడం అయిపోయాక నేను క్యాన్ల దగ్గరికి వెళ్లి కూర్చుని, పొరపాటు మాదని, అమరిక సంగతి ముందే మీతో మాట్లాడి ఉండవలసిందని టెస్టరన్నతో చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, మిషను చెప్పేది నిజమో కాదో చూసేది ఎవరని అడిగాడు. ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. అనలైజరును రోజూ కడగాలని, అప్పుడప్పుడు సరిచూడాలని కంపెనీవారు చెప్పారు గాని, సరిచూసే పని ఫలానావారిదని మేము ఎక్కడా రాయలేదు. పాత సెంట్రిఫ్యూజు స్టోరు గదిలో సంచుల కింద ఉంది. పదిహేను రోజులకొకసారి అయిదు శాంపిళ్లను గెర్బర్ పద్ధతిలో చూసి, యంత్రం అంకెలతో పోల్చి, తేడా వస్తే యంత్రాన్ని సరిచేయించే అధికారం ఆయనకు ఇచ్చాము. ఫలితాలను పాలు పోసేవాళ్లకు కనిపించేలా గోడ మీద రాయమన్నాము. ఆవు పాలు, గేదె పాలకు వేర్వేరు వరుసలు పెట్టాలన్న ఆలోచన ఆయనదే, ఆ తరువాత అమరిక మరచిపోయే ప్రసక్తి తగ్గింది.

ఇలా రెండవసారి మొదలుపెట్టేటప్పుడు మూడు విషయాలు చూసుకోండి. తప్పు ఎక్కడ జరిగిందో మీ నోటితోనే ముందు చెప్పండి, దాన్ని సలహాదారు మీదికో కింది అధికారి మీదికో నెట్టకండి. మార్చడానికి వీలులేని భాగం ఏదో, వీలున్న భాగం ఏదో మొదటి పది నిమిషాల్లోనే తేటగా విడదీసి చెప్పండి. అనలైజరు ఉంటుంది, దాని చుట్టూ పని ఎలా జరగాలన్నది మీరు చెప్పండి అన్నట్టుగా. ఆ సమావేశంలో వచ్చిన సూచనల్లో కనీసం ఒక్కదాన్ని వారం తిరగకముందే అమలులో పెట్టి, అది ఎవరి సూచనో పేరు చెప్పి పిలవండి. మిగిలినవాటికి కుదరదనుకున్నా, ఎందుకు కుదరదో అదే వారంలో ఆ మనిషి దగ్గరికే వెళ్లి చెప్పండి.